మా వీధి గడ్డి పని: ఒకే ఒప్పందం, మూడు విడతలు

మొదటి విడతకు పదికి నాలుగు మార్కులు. రెండో విడతకు రెండు. మూడో విడతకు ఎనిమిదిన్నర. చేసింది ముగ్గురు గుత్తేదార్లు అనుకునేరు, ఒక్కరే. వీధి అదే, గడ్డి అదే, మారింది చేతిలోని పనిముట్టు. అందుకే ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆయన చెడ్డవాడు కాదు, గడ్డి గురించి తెలియనివాడు. పైగా చెబితే వింటాడు. 31 సంవత్సరాలు వ్యవసాయ శాఖలో విస్తరణ అధికారిగా విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో తిరిగినవాణ్ణి, చెబితే వినేవాళ్లు ఎంత అరుదో నాకు తెలుసు.

మా వీధి విశాఖలో వెంకోజీపాలెం దాటి ఇసుకతోట వైపు వెళ్లే దారికి లోపలగా ఉంటుంది. పొడవు 420 మీటర్లు, నా అడుగులతో కొలిచిన లెక్క. 64 ఇళ్లు. రెండు వైపులా పేవర్ బ్లాకుల కాలిబాట, దాని పక్కన పలకలు కప్పిన మురుగు కాలువ, అది పోయి పోయి కింద గెడ్డలో, అంటే వాగులో, కలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో ఒక్క రోజులో తొమ్మిది చెట్లు పడ్డాయి. వాటి చోట తరువాత కానుగ మొక్కలు పెట్టుకున్నాం. ఈ కానుగల సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఒప్పందం ఎందుకు పెట్టుకున్నామంటే, పల్లేరు కాయల వల్ల. సింహాచలం గిరిప్రదక్షిణ రోజున, అంటే ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు, జనం 32 కిలోమీటర్లు నడుస్తారు. హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం మీదుగా వచ్చేసరికి చాలామంది కాళ్లు ఈడుస్తూ ఉంటారు. మా వీధి మలుపులో మజ్జిగ, పులిహోర పెడతాం. జనం పక్కకు వచ్చి కాలిబాట మీద కూర్చుంటారు. ఎక్కువమంది చెప్పులు లేకుండా నడిచేవాళ్లే. రెండేళ్ల కిందట ఒక పెద్దావిడ మా ఇంటి మెట్టు మీద కూర్చుని అరికాలు తిప్పి చూసుకుంటోంది. మా ఆవిడ సూది, దీపం పట్టుకొచ్చి ఏడు ముళ్లు తీసింది. ఏడూ పల్లేరువే, ఏడూ మా కాలిబాటవే. పుణ్యానికి వచ్చినవాళ్లకు మేమిచ్చిన ప్రసాదం అది!

పెద్ద రోడ్డు పని నగరపాలక సంస్థ చూసుకుంటుంది. లోపలి వీధులకూ వంతు వస్తుంది, కానీ పండగ నాటికే రావాలని లేదు కదా. అందుకని కాలనీ సంఘం ఇంటికి 300 రూపాయల చొప్పున 19,200 వసూలు చేసి, 18,000కు ఏడాదిలో మూడుసార్లు అని ఒప్పందం రాసుకుంది. మిగిలిన 1,200 టీ, టిఫిన్లకు. గడ్డి ఎలా తీస్తారో ఒప్పందంలో ఒక్క మాట కూడా లేదు. ఆ తప్పు మాది. కాగితం మీద సంతకం పెట్టిన ముగ్గురిలో నేనూ ఒకణ్ణి.

జూన్ ఆఖరు వారంలో మొదటి విడత. ఇద్దరు కుర్రాళ్లు భుజాన పెట్రోలు యంత్రాలు తగిలించుకుని వచ్చారు. బ్రష్ కట్టర్ అంటారు, కొసన నైలాన్ తాడు గిరగిరా తిరుగుతుంది. మూడు గంటల్లో వీధి అంతా అయిపోయింది. దూరం నుంచి చూస్తే కొత్తగా క్షవరం చేయించుకున్న తలలా ఉంది. సంఘం కార్యదర్శి ఫోటో తీసి అందరికీ పంపాడు. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను, తరువాత వెళ్లి దగ్గరగా చూశాను.

పల్లేరు అక్కడే ఉంది. అది నిలబడి పెరిగే మొక్క కాదు, నేలకు అతుక్కుని చాపలా పరుచుకుంటుంది. యంత్రం తాడు నేలకు మూడు నాలుగు వేళ్ల ఎత్తున తిరిగింది. బ్లాకులకు తగిలితే తాడు తెగుతుందని ఇంకా కిందికి దించరు. కాబట్టి దాని మీద నీడగా ఉన్న గడ్డి అంతా పోయి, పల్లేరు మాత్రం ఎండకు హాయిగా మిగిలింది. ఇదివరకు గడ్డి అడ్డు ఉండి కాలు అటు వెయ్యాలంటే జంకేవాళ్లు, ఇప్పుడు శుభ్రంగా ఉందని నేరుగా వేస్తారు! ఏ ముల్లు కోసం 18,000 పెట్టామో ఆ ముల్లుకే దారి వేసి ఇచ్చాం. ప్రదక్షిణకు ముందు రోజు సాయంత్రం నేను, ఎదురింటి మాస్టారు పాత గోనె సంచి తడిపి కాలిబాట మీద ఈడ్చుకుంటూ కాయలు ఏరాం. తడి గోనెకు పల్లేరు బాగా పట్టుకుంటుంది. ఈ చిట్కా మా నాన్నది, కళ్లం ఊడ్చేటప్పటిది.

రెండో సంగతి వయ్యారిభామ. కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. క్యారెట్ ఆకులాంటి ఆకు, తెల్లటి చిన్న పూలు. మన దేశంలో దీన్ని 1950ల మధ్యలో పుణె దగ్గర మొదట గుర్తించారు. అక్కడి నుంచి ఇప్పుడు ఖాళీ స్థలం ఎక్కడుంటే అక్కడికి వచ్చేసింది. మొలిచిన నెలా నెలన్నరకే పూతకు వస్తుంది, ఒక్కో మొక్క పదివేల నుంచి పాతికవేల దాకా విత్తనాలు రాలుస్తుంది. పుప్పొడి పడనివాళ్లకు ఉబ్బసం, ఆకు రసం పడనివాళ్లకు చర్మం మీద దద్దుర్లు. నాకు రెండోది. ఉద్యోగంలో ఉన్నప్పుడు రైతులకు పీకి చూపించీ చూపించీ తెచ్చుకున్నాను. మెడ మీద, మోచేతి మడతల్లో ఇప్పటికీ వానాకాలంలో ఎర్రగా లేస్తుంది. దీన్ని పూత రాకముందు వేరుతో పీకాలి. పూసిన తరువాత యంత్రం పెట్టి కోయడమంటే బంధువులందరికీ శుభలేఖలు పంచినట్టు. కుర్రాళ్లు పూతలో ఉన్నదాన్నే కోశారు, తాడు తిరిగిన జోరుకు పూలు గోడల దాకా ఎగిరాయి. వేరు మొదలు నేలలోనే ఉంది కాబట్టి పది పన్నెండు రోజులకు ఒక్కో మోటు నుంచి మూడేసి కొమ్మలు వచ్చాయి. మునుపు ఒక్కటి పూసిన చోట ఇప్పుడు గుత్తి.

యంత్రానికి నాలుగు మార్కులైనా ఎందుకు వేశానంటే, ఖాళీ స్థలం ముందు నడుము ఎత్తు పెరిగిన గడ్డి విషయంలో దానికి సాటి లేదు. పాముల భయం తగ్గింది. ఆ మాట ఒప్పుకోవాలి. ఒక కారు అద్దానికి రాయి తగిలి చిన్న చుక్క పడింది, గుత్తేదారు గొడవ పడకుండా డబ్బు ఇచ్చాడు. అదీ ఒప్పుకోవాలి.

క్షమించలేనిది కానుగ. నాలుగో స్తంభం దగ్గర రెండేళ్ల మొక్క, నా బొటనవేలు లావుది. మొదలు చుట్టూ ఉన్న గరికను కోయబోయి తాడుతో బెరడును చుట్టూరా ఒలిచేశారు. పచ్చి గాజు తొడిగినట్టు ఒక వలయం. చెట్టుకు ఆకుల్లో తయారైన ఆహారం బెరడు లోపలి పొర గుండానే వేళ్లకు దిగుతుంది. చుట్టూరా తెగితే వేళ్లు మెల్లగా మాడతాయి, పైన ఆకులు మాత్రం ఇంకొన్ని వారాలు పచ్చగానే కనిపిస్తాయి. ఆగస్టు నాటికి ఆకులు వాడాయి. నీళ్లు పోయలేదా అని కార్యదర్శి మా ఆవిడను అడిగాడట. చెట్ల మొదళ్ల చుట్టూ మూరెడు మేర యంత్రం వెళ్లకూడదు, అక్కడ చేత్తోనే తీయాలి. ఇది ఏ ఊరి పార్కుల వాళ్లకైనా చెప్పే మొదటి పాఠం.

రెండో విడత ఆగస్టులో, వినాయక చవితికి పది రోజుల ముందు. ఈసారి ఒక్క కుర్రాడు, ఇరవై ఏళ్లు ఉంటాయేమో, వీపున స్ప్రేయరు డబ్బా, ముక్కుకు జేబురుమాలు, కాళ్లకు హవాయి చెప్పులు. డబ్బాలో ఏముందని అడిగితే "గడ్డి మందు సార్" అన్నాడు. సీసా చూపించమంటే చూపించాడు. గ్లైఫోసేట్, 41 శాతం. నేను ఊహించిందే.

ఈ మందు గురించి నాకు తెలిసింది చెబుతాను. ఆకు మీద పడితే లోపలికి ఇంకి, వేరు దాకా దిగి, మొక్క తనకు కావలసిన మాంసకృత్తుల ముడిసరుకును తయారు చేసుకోకుండా ఆపుతుంది. వారం, రెండు వారాల్లో మొక్క పసుపెక్కి చస్తుంది. గరిక, తుంగ లాంటి మొండి గడ్డికి ఇలా వేరు దాకా దిగే మందే పని చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ కొట్టిన తరువాత కొన్ని గంటలు వాన పడకూడదు. ఆకు మీద దుమ్ము ఉండకూడదు, మందు మట్టిని పట్టుకుని నిర్వీర్యమవుతుంది. కలిపే నీళ్లలో మట్టి, సున్నం ఎక్కువగా ఉండకూడదు. నేలలో ఉన్న విత్తనాన్ని అది ఏమీ చేయలేదు. మా కుర్రాడు కలిపింది బోరు నీళ్లు, ఆ నీళ్లు మరగబెడితే గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. కొట్టింది రోడ్డు పక్క దుమ్ము ఆకుల మీద. సాయంత్రం నాలుగింటికి కొండల మీద మబ్బు దిగింది, ఐదింటికి వాన. కొట్టిన మందులో ఎంత ఆకులోకి పోయిందో ఎంత గెడ్డలోకి పోయిందో మీరే లెక్క వేసుకోండి.

2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ నోటిఫికేషన్ ప్రకారం దీన్ని లైసెన్సు ఉన్న పురుగు నివారణ నిపుణుల ద్వారా తప్ప ఇంకెవరూ కొట్టకూడదు. లైసెన్సు సంగతి గుత్తేదారును ఫోనులో అడిగాను. "గడ్డి మందుకు కూడా లైసెన్సా సార్?" అన్నాడు. ఆయన ఆశ్చర్యం నటన కాదు. సీసా మీద అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, ఎవరు చదువుతారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో దీన్ని మనుషులకు బహుశా క్యాన్సర్ కారకం అనే జాబితాలో పెట్టింది. కాదని వాదించే నియంత్రణ సంస్థలూ ఉన్నాయి. ఆ తగాదా తేల్చడానికి నేను సరిపోను. ఆ కుర్రాడి చెప్పులు తడిసి ఉన్నాయి, అది మాత్రం చూశాను. కాళ్లు సబ్బుతో కడిగించి, మా అబ్బాయి పాత బూట్లు ఇచ్చి పంపాను.

బయటి దేశాల పురపాలకులు ఈ మందుతో ఏం చేస్తున్నారని చదువుతుంటే ఒక విషయం బాగా నచ్చింది. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి ప్రభుత్వ పార్కుల్లో, వీధుల్లో ఇలాంటి రసాయనాలు కొట్టడం చట్టరీత్యా ఆపేశారు. ఇంగ్లండులో బ్రైటన్ నగరం 2019లో తనంతట తాను మానేసింది. అయితే మానేసినంత తేలిగ్గా చేత్తో తీసే మనుషులు దొరకలేదు. కాలిబాటలు గడ్డితో పూడిపోయాయి, పెద్దవాళ్లు తట్టుకుని పడుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. 2024లో మళ్లీ గ్లైఫోసేట్‌కే ఓటు వేసుకున్నారు, కాకపోతే తుంపర గాలికి చెదరని పద్ధతిలో. మందు మానడం ఒక నిర్ణయం. దాని చోట ఎన్ని చేతులు పెట్టాలో లెక్క కట్టడం ఇంకో నిర్ణయం. మొదటిది చేసి రెండోది మరిచిపోతే ఏమవుతుందో బ్రైటన్ వాళ్లకు అయిదేళ్లలో తెలిసింది. మన దగ్గర చేతులకు కొదవ లేదు, అయినా మందు డబ్బా వైపే చూస్తున్నాం.

ఇక పత్రి సంగతి. మా ఆవిడ ప్రతి చవితికీ పత్రిలో సగం వీధిలోనే ఏరుతుంది. గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, ఇవి కొనడమంటే ఆమె దృష్టిలో నీళ్లు కొనడంలాంటిది. మా అత్తగారి ఊళ్లో పుట్టిన అలవాటు అది, విశాఖ వచ్చి పాతికేళ్లయినా పోలేదు. ఈసారి చవితి ముందు రోజు బుట్టతో వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. ఉత్తరేణి సగం పసుపు, సగం పచ్చ. గరిక చివర్లు మాడాయి. "మందు కొట్టింది దేవుడికి ఎలా పెడతాను?" అని అడిగింది, నేనే కొట్టినట్టు. రైతు బజారుకు వెళ్లి 60 రూపాయలకు కట్ట తెచ్చాను. అందులో ఉత్తరేణి అని ఇచ్చినది ఉత్తరేణి కాదు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

రెండు మార్కులు ఎందుకంటే, పల్లేరు చచ్చింది. అంతే.

సెప్టెంబరు సంఘం సమావేశంలో నేను కొంచెం గట్టిగానే మాట్లాడాను. కార్యదర్శికి కోపం వచ్చింది, "అయితే మీరే చేయించండి మాస్టారూ" అన్నాడు. నేను మాస్టారిని కాను, మాస్టారు ఎదురింటాయన. అయినా సరే అన్నాను. గుత్తేదారుతో మాట్లాడి మూడో విడతకు యంత్రం వద్దు, మందు వద్దు, మనుషులను పంపమన్నాను. ఖర్చు ఎక్కువవుతుందన్నాడు. అద్దం డబ్బు, కానుగ మొక్క గుర్తు చేశాను. ఒప్పుకున్నాడు.

నవంబరు రెండో వారంలో, ఈశాన్య రుతుపవనాల వానలు కాస్త తెరిపి ఇచ్చాక, అయిదుగురు ఆడవాళ్లు, ఒక మేస్త్రీ వచ్చారు. రెండు రోజుల పని. నేల మెత్తగా ఉంది, వేరు పీకడానికి అంతకంటే మంచి అదను ఉండదు. చేతుల్లో బొరిగలు, ఒక పార, రెండు తట్టలు, పెద్ద చీపుర్లు. వాళ్లలో పెద్దావిడకు యాభై దాటి ఉంటాయి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఆమె పని చేసే తీరు నేను ఒక గంట కుర్చీ వేసుకుని చూశాను. సిగ్గుపడుతూనే చూశాను, కానీ కళ్లు తిప్పుకోలేకపోయాను.

కాలిబాట గట్టు రాయికీ తారు రోడ్డుకూ మధ్య ఒక మూల ఉంటుంది కదా, ఆ మూలంతా రెండు మూడు అంగుళాల మందాన మన్ను పేరుకుని ఉంది. గాలికి వచ్చిన దుమ్ము, ఇళ్లు కట్టేవాళ్ల ఇసుక, ఆకుల పొడి, కాలువ తీసినప్పుడు గట్టున పడ్డ పూడిక, అన్నీ కలిసి నల్లగా, మెత్తగా. చేలో అలాంటి మన్ను దొరికితే రైతు కళ్లకు అద్దుకుంటాడు. గడ్డి అంతా ఆ మంటిలోనే ఉంది. బ్లాకుల మధ్య సందుల్లో ఉన్నదీ అలాంటి మంటిలోనే. తారులోంచి, సిమెంటులోంచి మొలిచిన మొక్క ఒక్కటీ లేదు. పెద్దావిడ మొక్కను పట్టుకుని లాగడం లేదు. బొరిగను గట్టు రాయి పక్కన ఏటవాలుగా దించి, మంటిని పలకలా పైకి లేపుతోంది. మొక్క దానంతట అదే, వేళ్లతో సహా, చాప చుట్టినట్టు లేచి వస్తోంది. దులిపి మొక్కను ఒక తట్టలో, మంటిని ఇంకో తట్టలో వేస్తోంది. వెనకాల ఇంకొకామె చీపురుతో ఆ మూలను సిమెంటు కనిపించేదాకా ఊడుస్తోంది. తుంగ దగ్గర మాత్రం ఆగి, జానెడు లోతు తవ్వి, నల్లపూసల్లాంటి గడ్డలు ఏరింది. ఒక్క గడ్డ మిగిలినా మళ్లీ వస్తుందని ఆమెకు ఎవరూ పాఠం చెప్పి ఉండరు.

గరిక తీగల మధ్య గలిజేరు ఆకుకూర కనిపిస్తే పక్కన పెట్టుకుంది. కాసేపటికి నన్ను అడిగింది.

"ఇక్కడ మందు కొట్టారా బాబూ?"

"ఆగస్టులో కొట్టారమ్మా."

చేతిలోని ఆకును ఒకసారి చూసి చెత్త తట్టలో పడేసింది. మూడు నెలలు కావస్తోంది, ఇప్పుడు మొలిచిన దానిలో మందు ఉండదు అని చెప్పబోయి, మురుగు కాలువ గట్టు అన్న సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వీధి గడ్డిని మనం చెత్త అంటాం. దాన్ని కూర వండుకునేవాళ్లు ఉన్నారు, పూజకు కోసుకునేవాళ్లు ఉన్నారు, మేపడానికి మేకను తోలుకొచ్చేవాళ్లు ఉన్నారు. మందు కొట్టిన చోట ఒక అట్ట ముక్క మీద తేదీ రాసి కట్టాలని కూడా మాకెవరికీ తోచలేదు.

వయ్యారిభామ దగ్గరకు వచ్చేసరికి ఆపాను. చేతి తొడుగులు ముందే కొని ఉంచాను, రబ్బరువి, అయిదు జతలు. తొడుక్కున్నారు. పది నిమిషాలకు పెద్దావిడ విప్పేసింది, తడికి బొరిగ పిడి జారుతోందట. చీర కొంగు చింపిన గుడ్డ అరచేతికి చుట్టుకుంది. తప్పు నాదే, వంటగిన్నెలు తోముకునే తొడుగులు కొన్నాను. అరచేతి వైపు గరుకు పూత ఉన్న నూలు తొడుగులు ఇనుప సామాన్ల కొట్లో దొరుకుతాయి. రెండో రోజుకు అవి తెచ్చాను, సాయంత్రం దాకా ఉంచుకున్నారు. వాటి ఖరీదు టీల డబ్బులోంచి పోయింది కాబట్టి టిఫిన్లు మా ఇంట్లో. ఉప్మా ఎక్కువై మిగిలింది.

ఒక్క చోట పని ఆగింది. కాలువ గోడ పగులులో జానెడు రావి మొక్క. ఎవరూ ముట్టుకోలేదు. "మేం తియ్యం బాబూ" అన్నారు అయిదుగురూ. మేస్త్రీ కూడా పక్కకు చూశాడు. వదిలేస్తే పదేళ్లలో గోడను చీల్చేది అదొక్కటే. నేనే దణ్ణం పెట్టుకుని, ఉలితో పగులు వెడల్పు చేసి, వేరుతో తీసి కుండీలో పెట్టాను. కుండీ ఇప్పుడు ఎదురింటి మాస్టారి దగ్గర ఉంది, ఎక్కడ నాటాలో తేలలేదు.

రెండు రోజులకు వచ్చిన మన్ను 74 తట్టలు, గడ్డి 31. ఈ అంకెలు నావే, చీటీ మీద గీతలు గీసి లెక్కపెట్టాను. గడ్డి కంటే మన్ను రెండింతలకు పైనే. జూన్‌లో యంత్రం తీసిన మన్ను సున్నా. ఆగస్టులో మందు తీసిన మన్నూ సున్నా. పైగా చచ్చిన గడ్డి అక్కడే కుళ్లి ఇంకొంచెం మన్ను చేసింది. మన్ను పేరుకున్నంత కాలం ఏది కోసినా, ఏది చంపినా గాలికి వచ్చే గింజకు పరుపు సిద్ధంగా ఉంటుంది. వీధిలో గడ్డి పని అంటే సగానికి పైగా ఊడ్పు పనే అని ఆ చీటీ చూశాకే నాకు తెలిసింది, 31 సంవత్సరాల ఉద్యోగంలో తెలియలేదు. చేలో మన్ను ఉండాలి కదా, అందుకని అటు ఆలోచన పోలేదు.

కుప్పలు ఎత్తించడం కోసం ముందే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య కార్యదర్శికి చెప్పి ఉంచాను. మర్నాడు పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. ఇది మరిచిపోకండి. తీసిన మన్ను రెండు రోజులు గట్టు మీద ఉండి ఒక్క వాన పడితే పెట్టిన డబ్బంతా తిరిగి కాలువలోకే. ఒకటిన్నర మార్కు తగ్గించింది దేనికంటే, వీధి చివరి పాతిక మీటర్లు రెండో రోజు చీకటి పడుతుంటే పైపైన లాగి వదిలేశారు. ఆ పాతిక మీటర్లలో ఇప్పుడు మళ్లీ వయ్యారిభామ పూస్తోంది, మిగతా వీధికి హద్దు గీసినట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

సంక్రాంతి తరువాత నేను, మాస్టారు కలిసి మా రెండిళ్ల ముందు, సుమారు 30 మీటర్లు, ఇంకో పని చేశాం. బ్లాకుల సందుల్లో మన్ను పాత కత్తితో గీకి, సన్న ఇసుక, సిమెంటు పొడిగా కలిపి చీపురుతో సందుల్లోకి తోసి, పైన నీళ్లు చల్లాం. ఖర్చు 700 రూపాయలు, నడుము నొప్పి వారం. గట్టిపడ్డ చోట ఇప్పటిదాకా ఒక్క మొలక లేదు. నీళ్లు ఇంకే దారి తగ్గుతుంది కాబట్టి చెట్ల మొదళ్ల చుట్టూ మాత్రం ఇలా చేయకండి. మరిగే గంజి పోస్తే గడ్డి చస్తుందని మా ఆవిడ నాలుగు రోజులు పోసింది. ఆకు మర్నాటికే వాడింది, గరిక మూడు వారాలకు తిరిగొచ్చింది. ఉప్పు నీళ్ల మాటా చాలామంది అడుగుతున్నారు. లీటరుకు 150 నుంచి 200 గ్రాముల ఉప్పు కలిపి కొడితే వయ్యారిభామ మాడుతుంది, బంజరు భూములకు మేమే సిఫారసు చేసేవాళ్లం. కానీ గేట్లు, స్తంభాలు ఉన్న చోట వద్దు. సముద్రపు గాలికే మన ఇనుము సగం తింటోంది.

ఒప్పందం వచ్చే నెల ముగుస్తుంది. గుత్తేదారు మూడు విడతలూ మనుషులతోనే అయితే 27,000 అడుగుతున్నాడు, యంత్రంతో అయితే పాత 18,000కే అంటున్నాడు. నేను సంఘం కార్యదర్శికి ఇచ్చిన కాగితం ఇది: మనుషులతో రెండు విడతలే చాలు, ఒకటి ప్రదక్షిణకు పదిహేను రోజుల ముందు, ఒకటి నవంబరులో. మధ్యలో నెలకోసారి ఇద్దరు చీపుర్లతో వచ్చి గట్టు మూల ఊడ్చి మన్ను ఎత్తుకెళ్లాలి. ఖాళీ స్థలాల ముందు యంత్రం వాడుకోవచ్చు, చెట్టు చుట్టూ మూరెడు వదిలి. మందు వద్దు. చీకటి పడితే పని ఆపి మర్నాడు రావాలి. దీనికి 20,000 ఇస్తామని చెప్పమన్నాను. ఇంటికి మరో 15 రూపాయలు వేసుకుంటే సరిపోతుంది. ఆదివారం సమావేశంలో తేలుతుంది. ఆ పెద్దావిడనే పంపాలని కూడా రాద్దామనుకున్నాను, ఆమె పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

కానుగ పైభాగం ఎండిపోయింది, నరికేశాను. వలయం కింద నుంచి రెండు చిగుళ్లు వచ్చాయి, ఒకటి చిటికెన వేలంత. చుట్టూ నాలుగు ఇటుకలు నిలబెట్టి తెల్ల సున్నం వేశాను.